నిజ్వాలో ఓడిన శుక్రవారం, నేను పంపని రెండో మెసేజ్

ముందే చెప్పేస్తున్నాను, కోటలూ కొండలూ చూసి మురిసిపోయి రాసింది కాదిది. మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ నిజ్వాలో ఓడిపోయింది. ఆ ఓటమి చూడ్డానికి వారానికి ఒక్కటే వచ్చే సెలవును తగలేసి, సొంత ఖర్చుతో పోయి, మా రూమ్ సాయన్నను కూడా లాక్కుపోయాను. మా కాలేజీ అంటే నేను చదివిన కాలేజీ కాదు. నా చదువు ఆర్మూర్‌లో ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. మస్కట్‌లో ఒక ప్రైవేటు కాలేజీ మైదానాన్ని చూసుకునే కంపెనీలో పనిచేస్తాను. నాలుగేళ్లుగా అక్కడ గడ్డి కోసేది, నీళ్లు పెట్టేది, తెల్ల గీతలు గీసేది నేనే. రోజూ కళ్లముందు ఆడుతుంటే మనసు ఊరుకుంటుందా? మొదట్లో గీత అవతల నిలబడి చూసేవాణ్ణి, తర్వాత అరవడం మొదలుపెట్టాను, ఇప్పుడు వాళ్లు ఓడితే నాకు అన్నం సహించదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఘాలాలో మా కంపెనీ రూముల్లో నేను లింబాద్రిని. సూపర్‌వైజర్‌కు "ఏయ్"ని. కానీ ఆ పిల్లలకు మాత్రం ఉస్తాద్‌ని. కెప్టెన్ హమద్ ప్రతి మ్యాచ్ ముందూ నా దగ్గరకు వచ్చి, "ఉస్తాద్, నేల ఎట్లా ఉంది? ఏ బూట్లు వేసుకోవాలి?" అని అడుగుతాడు. ఈ ఆట బూట్ల అడుగున గుబ్బలుంటాయి. గట్టి నేలకు పొట్టి రబ్బరు గుబ్బలు, తడి నేలకు పొడుగాటి గుబ్బలు. తేడా పడితే కాలు నిలవదు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను వారమంతా ఎదురు చూసేవాణ్ణంటే నవ్వుకోండి, ఫరవాలేదు.

నిజ్వా మ్యాచ్ ఈ సీజన్‌లో రెండోది, బయటి ఊర్లో మొదటిది. పోయినేడు అదే మైదానంలో మూడు గోల్స్ తిని వచ్చారు. ఈసారి టీమ్ బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకు కాలేజీ నుంచి బయల్దేరుతుందని, నేను పొద్దున్నే పోతున్నానని తెలిసి హమద్ గురువారమే అడిగాడు, "నువ్వు ముందు చేరుకుంటావు కదా ఉస్తాద్, నేల చూసి మెసేజ్ పెట్టు. ఆ బూట్లే బస్సులో వేస్తాం." రెండు రకాలూ మోసుకుపోవచ్చు కదా అని మీరనొచ్చు. చిన్న బస్సు, ఇరవై మంది మనుషులు, నీళ్ల డబ్బాలు, సంచులు. ఉస్తాద్ చెప్పాక రెండో జత ఎందుకని వాళ్ల నమ్మకం.

ఘాలా నుంచి బుర్జ్ అల్ సహ్వా బస్ స్టేషన్‌కు శుక్రవారం పొద్దున టాక్సీలో పది నిమిషాలే. నిజ్వా పోయే ప్రభుత్వ బస్సు అక్కడే ఎక్కాలి. మనిషికి రెండు రియాళ్లకు ఓ చిటికెడు తక్కువైంది. షేర్ టాక్సీ వాడు మూడు అడిగాడు, పైగా నలుగురు నిండేదాకా కదలడు. ఏడు దాటాక బయల్దేరిన బస్సుకు ఫంజా, సమాయిల్, ఇజ్కీ మీదుగా రెండు గంటల పైన పట్టింది. ఎడమపక్క కిటికీ దొరికితే పొద్దుటెండ మీ మొహం మీదే ఉంటుంది, కుడిపక్క కూర్చోండి. సాయన్న దారి పొడుగునా మేకల గురించే మాట్లాడాడు. ఆయనది జగిత్యాల పక్క ఊరు, గొర్లు మేపిన ఇల్లు. నిజ్వాలో శుక్రవారం మేకల సంత బాగుంటుందని ఎవరో చెబితే ఆ ఆశతోనే వచ్చాడు. ఫుట్‌బాల్ అంటే ఆయనకు గిట్టదు.

మేం దిగేసరికి సంత అయిపోయింది. అది తెల్లారగానే మొదలై తొమ్మిదికల్లా ముగుస్తుందట. పెంటికలు తప్ప మేక మిగల్లేదు.

"ఏందిరా లింబాద్రీ, మ్యాకను సూపిస్తనని తోల్కచ్చి బంతిని సూపిస్తవా?" అన్నాడు సాయన్న.

"అన్నా, బస్సు గదే ఫస్టు. నేనేం జేద్దు?"

"నీ బంతి పాడుగాను" అని ఆయన కోట వైపు నడిచి, టికెట్ ధర చూసి, వచ్చిన దారినే తిరిగి వచ్చాడు. పక్క బజార్లో ఓ డబ్బా హల్వా కొనుక్కున్నాక కాస్త చల్లబడ్డాడు.

మైదానం సంత నుంచి టాక్సీలో పది నిమిషాలు, ఖర్జూర తోటల అంచున ఉంది. పదకొండుకు అక్కడున్నాం. గేటు తీసే ఉంది. అక్కడి గ్రౌండ్ పని చూసే రఫీక్ భాయ్ అనే బెంగాలీ మనిషి గోల్ వలలు కడుతున్నాడు. నేను సలాం కొట్టి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మడమతో తన్ని చూశాను. రూమ్ తాళంచెవి నేలలో గుచ్చితే గోరంత కూడా దిగలేదు. గడ్డి కురచగా, ఎండి ఉంది. ఫోన్ తీసి వాయిస్ మెసేజ్ పెట్టాను, "హమద్, రాయి లాగుంది నేల. పొట్టి గుబ్బలే తెండి. పొడుగువి అక్కడే పడెయ్యండి, బరువు తప్ప పనికిరావు. నాది గ్యారంటీ." గ్యారంటీ అనే మాట ఎందుకు వాడానో దేవుడికే తెలియాలి. హమద్ దాన్ని టీమ్ గ్రూపులో పెట్టి, వచ్చిన జవాబులను ఫోటో తీసి నాకు పంపాడు. ఇరవై బొటనవేళ్లు, కిందొకడు "ఉస్తాద్ మాటే మాట" అని రాశాడు. సాయన్నకు చూపించాను. ఛాతీ ఉబ్బిందంటే ఉబ్బింది మరి, దాచుకునేదేముంది.

పావుగంట తర్వాత రఫీక్ భాయ్ చేతులు కడుక్కుని నమాజ్‌కు బయల్దేరుతూ మా దగ్గర ఆగాడు. హిందీలో మామూలుగా అన్నాడు, "ఇవాళ నాకు తీరిక లేదు భాయ్. నమాజ్ కాగానే వచ్చి నీళ్లు వదలాలి. ఒకటిన్నర నుంచి మూడింటి దాకా మా వంతు."

"మ్యాచ్ ముంగట నీళ్లా?" అన్నాను.

"ఫలజ్ నీళ్లు కదా" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఫలజ్ అంటే కొండ కింది ఊటను ఊర్లోకి తెచ్చే సన్న కాలువ. తోటల గోడ పక్కనే పారుతోంది. దాంట్లో ఒక్కొక్కరికి ఇంతసేపని వంతు ఉంటుంది, ఈ మైదానం ఉన్న నిజ్వా కాలేజీకీ ఉంది. "ఇవాళ వదులుకుంటే మళ్లీ ఎనిమిది రోజులు. గడ్డి చచ్చిపోదా? పల్లం వైపు కాస్త నిలుస్తుంది, ఆడుకుంటారులే."

ఆయన పోయాడు. నేను పల్లం వైపు చూశాను. మైదానం తోటల పక్కకు వాలి ఉంది. ఇందాక నడిచినప్పుడే నా కాళ్లకు తెలిసింది, బుర్రకే పట్టలేదు. నీళ్ల వంతు అంటే ఏందో నాకు తెలియదా? మా ఊరు కాలువ చివర ఉంటుంది. వంతుల వారీగా కాలువ నీళ్లు వదిలే వారబందీ నాడు మా దగ్గర పెండ్లి పందిట్లో నుంచి కూడా లేచి పోయి మడికి నీళ్లు కట్టుకుంటారు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని ఎవడైనా వంతు వదులుకుంటాడా?

సాయన్న అంతా విన్నాడు. "మల్లొక మెసేజ్ కొట్టు. ఆ బూట్లు గూడ తెమ్మను" అన్నాడు.

"కొడ్తనే" అన్నాను.

కొట్టలేదు. శుక్రవారం నిజ్వాకు పోయేవాళ్లు ఇది రాసి పెట్టుకోండి, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఊర్లో ఒక్క హోటల్ తెరిచి ఉండదు. మేం మూసిన మలయాళీ హోటల్ మెట్ల మీద, కాస్తంత నీడలో, ఆకలితో కూర్చున్నాం. చేతిలో ఫోన్ ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది, చేయాల్సిన పని అర నిమిషం. తెరిస్తే హమద్ పంపిన ఫోటోలో ఆ ఇరవై బొటనవేళ్లు కనపడేవి. గ్యారంటీ అన్న నోటితోనే కాదు అనాలి. నేల చూడమంటే ఇదా నువ్వు చూసింది అంటారు. ఎండ మండిపోతోంది, మూడింటికి ఆపేస్తే నాలుగింటికి మ్యాచ్ మొదలయ్యేసరికి పీల్చుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పీల్చుకోదని నాకు తెలుసు. నాలుగేళ్లుగా నేల తడిపేవాణ్ణి, నాకు తెలియకపోవడమేంటి?

"కొట్టినవా?" అన్నాడు సాయన్న.

"ఎండకు ఆరిపోతది తియ్యన్నా."

"నీ ఇజ్జత్ కోసం వాళ్లను ఆగం జేస్తున్నవ్."

"నువ్వు ఊకో అన్నా, నీకు ఫుట్‌బాల్ తెల్వది."

"ఫుట్‌బాల్ తెల్వది. బురద తెల్సు" అన్నాడు.

ఒంటిగంట దాటాక వంటాయన వచ్చి షట్టర్ ఎత్తాడు. "బిర్యానీ పది నిమిషాలు, కూర్చోండి చేట్టా" అన్నాడు, మలయాళంలో అన్నా అని. అప్పుడే ఫోన్ మోగింది. హమద్, "బయల్దేరాం ఉస్తాద్." నేను చేప బిర్యానీ తెప్పించుకుని సగం వదిలేశాను. ఒకటిన్నర రియాల్, మసాలా బాగుంది, మంచి ఆకలి మీద పోతే మీకు నచ్చుతుంది.

మూడున్నరకు మైదానానికి వస్తే పై సగం మామూలుగానే ఉంది. పల్లం వైపు గోల్ ముందర గడ్డి నల్లగా మెరుస్తోంది. టీమ్ అప్పటికే బూట్లు కట్టుకుంటోంది. హమద్ దూరం నుంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. మెట్ల మీద మా పక్కన కాళ్ల దాకా దిగే తెల్ల అంగీ, దిష్‌దాషాలో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫ్లాస్క్‌లోంచి కాఫీ పోసి మాకిద్దరికీ చిన్న కప్పులిచ్చాడు, ఖర్జూరాల డబ్బా జరిపాడు. ఇబ్రీ నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడట. "నాలుగో నంబరు నా కొడుకు మాజిన్. ఇవాళే మొదటిసారి మొదటి పదకొండు మందిలో ఆడుతున్నాడు" అన్నాడు హిందీలో, ఎదుటివాళ్లకు వినపడేంత గట్టిగా. మాజిన్ మా డిఫెండర్, గోల్ ముందు కాపలా ఉండేవాడు. రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదంతా బెంచీ మీద కూర్చుని, నేను గీతలు గీస్తుంటే సాయం పట్టిన పిల్లవాడు. కాఫీ కప్పు మెట్టు మీద పెట్టేశాను.

మొదటి సగంలో మేం పై వైపు గోల్‌ను కాపాడుకున్నాం. ఇరవయ్యో నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని హమద్ తలతో కొట్టి గోల్ చేశాడు. నేను ఎగిరి సాయన్న మీద పడ్డాను. మావాళ్లు ఇంకోటి కొట్టాల్సింది. ఎదుటివాడి చేతికి బంతి తగిలితే రెఫరీ చూడనట్టే పోయాడు, వాడి కళ్లు కాకులెత్తుకుపోను. అయినా విరామానికి ఒకటి సున్నా. నాకు ఆశ పుట్టింది. తప్పు చేసినవాడికి కూడా దేవుడు అప్పుడప్పుడు దారి చూపిస్తాడు కదా అనుకున్నాను.

రెండో సగంలో వైపులు మారాయి. ఇప్పుడు మా గోల్ పల్లంలో ఉంది. మొదటి అయిదు నిమిషాల్లోనే మాజిన్ తిరగబోయి జారి, చెయ్యి ఆనించి లేచాడు. కాసేపటికి ఇంకొకడు జారాడు. నిజ్వా వాళ్లకు తమ నేల తెలుసు, అందరివీ పొడుగు గుబ్బలే. నింపాదిగా తిరుగుతున్నారు. డెబ్భయ్యో నిమిషంలో మా ఇద్దరు డిఫెండర్లు ఒకేసారి జారితే గోల్ ఇచ్చేశారు. ఒకటి ఒకటి. సాయన్న నా వైపు చూడలేదు, తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. డ్రా అయినా చాలు స్వామీ అని మొక్కుకున్నాను. ఇక రెండు మూడు నిమిషాలే మిగిలాయి. బంతి నెమ్మదిగా మాజిన్ వైపు వచ్చింది. చుట్టూ ఎవడూ లేడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. మాజిన్ ఎడమకాలు ఆనించి కుడికాలితో తన్నబోయాడు, ఎడమకాలు వెళ్లిపోయింది. వెల్లకిలా పడ్డాడు. వాళ్ల ఆటగాడు బంతి తీసుకుని, మా గోల్‌కీపర్ పక్క నుంచి తోసేశాడు.

నేను ఎంత ఆటపిచ్చి ఉన్నవాణ్ణో చెప్పాను కదా. మామూలుగా అయితే ఇట్లాంటి ఓటమికి నోటికొచ్చింది తిడతాను. కోచ్‌ను, రెఫరీని, ఆడినవాణ్ణీ ఆడనివాణ్ణీ వదలను. ఆ రోజు గోల్ ముందరి తడినే చూస్తూ కూర్చున్నాను. మా మెట్ల మీద ఎవరో మాజిన్‌ను గాడిద అన్నారు. పెద్దాయన ఫ్లాస్క్ మూత బిగించి, డబ్బా సర్దుకుని, విజిల్ పడకముందే మెట్లు దిగి పోయాడు. మాజిన్ లేచి మెట్ల వైపు చూసేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

మా మస్కట్ బస్సు వెళ్లిపోయింది. హమద్ వచ్చి, "మాతోనే రండి ఉస్తాద్" అన్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. బస్సులో ముందు వరసలో కోచ్, ట్యునీషియా ఆయన, కోపం వస్తే గొంతు తగ్గించే మనిషి. వెనకెక్కడో ఇద్దరు ముగ్గురు, "నిలబడ్డం రానివాణ్ణి ఎందుకు దింపారు?" అని మాజిన్‌కు వినపడేటట్టే గొణుగుతున్నారు. మాజిన్ కిటికీకి నుదురు ఆనించి కూర్చున్నాడు. మోకాలి మీద మట్టి ఎండి పెచ్చులు రాలుతోంది. ఇజ్కీ దాటాక కోచ్ లేచి నిలబడి, వచ్చే మ్యాచ్‌కు మాజిన్ బెంచీ మీద అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాత్రం సీట్లో ముడుచుకుపోయాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నీళ్ల సంగతి నాకు ముందే తెలిసి ఉంటుందని ఎవరికీ తోచనే లేదు. ఉస్తాద్ మాట మీద అంత నమ్మకం, జారింది మాజిన్ తప్పే అనుకున్నారు.

సాయన్న నా వైపు వంగి, మెల్లగా అన్నాడు, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

లేచాను. నా అరబ్బీ కూరగాయలు కొనడానికి సరిపోతుంది, తప్పు ఒప్పుకోవడానికి చాలదు. హిందీలో హమద్‌కు చెప్పాను, అతను కోచ్‌కు చెప్పాడు. పదకొండుకు నేల గట్టిగానే ఉందని. పదకొండున్నరకే నీళ్ల సంగతి నాకు తెలిసిందని. మీరు ఒంటిగంటకు బయల్దేరారని. మధ్యలో గంటన్నర నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నానని. చివరి వాక్యం తర్జుమా చేసే ముందు హమద్ నా మొహంలోకి చూశాడు.

కోచ్ ఒకటే అడిగాడు, "ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది. ఉస్తాద్ అనడం మానేస్తారని."

వెనక నుంచి మాజిన్ సీట్లు పట్టుకుంటూ ముందుకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్‌లో నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు. "మా నాన్నకు చెప్పు. ఇప్పుడే."

పెద్దాయన ఎక్కడో దారి పక్కన కారు ఆపుకున్నట్టున్నాడు, వెనక లారీల మోత వినిపిస్తోంది. మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పాను. బస్సంతా వింటోంది. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"వాడు జారడానికి కారణం నువ్వు" అన్నాడు ఆయన. "కానీ పడ్డ కొడుకు మొహం చూడకుండా లేచి వచ్చింది నేను. దానికి నువ్వు కారణం కాదు. ఫోన్ వాడికివ్వు."

ఇచ్చాను. మాజిన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వెనక సీటుకు పోయాడు. అవతల నుంచి పెద్దాయన ఏం మాట్లాడాడో తెలియదు కానీ, ఫంజా దాటేదాకా వాడు ఫోన్ దించలేదు. బుర్జ్ అల్ సహ్వా దగ్గర మమ్మల్ని దింపారు. హమద్ డోర్ దాకా వచ్చి, "మాసలామా" అన్నాడు, క్షేమంగా వెళ్లమని. అంతే అన్నాడు, ఉస్తాద్ అనలేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. కోచ్ మాట మార్చుకోలేదు, మాజిన్ తర్వాతి మ్యాచ్ బెంచీ మీదే కూర్చున్నాడు. అది న్యాయం కాదు, కానీ చెప్పడానికి నేనెవణ్ణి? పోయిన పాయింట్లు పోయినట్టే ఉన్నాయి. ఇప్పుడు హమద్ రెండు రకాల బూట్లూ బస్సులో వేయిస్తున్నాడు, నేల సంగతి నన్నడగడం లేదు. అడగనందుకు బాధపడే హక్కు నాకు లేదు. అయినా బాధగానే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుకు ఇంకొకడి కాళ్లు జారాయి, కడుక్కుంటే పోయేది కాదిది. పదకొండుకు నేను చూసింది తప్పు కాదు, ఆ మాట వెయ్యిసార్లు అనుకున్నాను. పదకొండున్నర తర్వాత నాకు నేల కంటే నా పేరు ముఖ్యమైంది. వాళ్లు ఇష్టపడి ఇచ్చిన పేరును నిలుపుకోవడానికే ఆ పేరు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ పొద్దున అయిదింటికి లేచి వాళ్ల గడ్డికి నీళ్లు పెడుతున్నాను. మాజిన్ ప్రాక్టీస్‌కు అందరికంటే ముందు వస్తున్నాడు. నన్ను చూసి తల ఊపుతాడు, మాట్లాడడు.

నిజ్వా పక్కకు మీ టీమ్ వెంట పోయేవాళ్లకు ఒకటే సలహా. అక్కడి మైదానాలకు ఫలజ్ నీళ్లు ఉంటే ఆ రోజు వంతు ఎన్ని గంటలకో గ్రౌండ్ మనిషిని అడగండి. ఆయన చెప్పిన నిమిషంలోనే మీవాళ్లకు మెసేజ్ పెట్టండి, అంతకు గంట ముందు మీరేం గ్యారంటీ ఇచ్చి ఉన్నా సరే.